మిగిలింది విలాప గ్రంథమే

సంఖ్యాకాండము 21వ అధ్యాయం 14వ వచనంలో ఒక పుస్తకం పేరు కనిపిస్తుంది. రోజువారీ పఠనంలో మనలో చాలామందిమి ఆగకుండా దాటిపోయే పేరు అది: 'యెహోవా యుద్ధముల గ్రంథము'. అరణ్య ప్రయాణం నాటి యుద్ధాల గురించి ఇశ్రాయేలీయులు దాచుకున్న పుస్తకం. అందులోంచి రెండు మూడు పంక్తులే మన బైబిల్లోకి వచ్చాయి. అసలు గ్రంథం పోయింది. అదే జనం ఓడిపోయి, పట్టణం కాలిపోయి, వీధి మొగల్లో పసిపిల్లలు ఆకలికి సొమ్మసిల్లుతుంటే చూసి ఏడ్చిన విలాపవాక్యములు మాత్రం అయిదు అధ్యాయాలూ చెక్కుచెదరకుండా మన చేతికి అందాయి. దేవుడు తన ప్రజల కోసం ఏ యుద్ధ పుస్తకాన్ని భద్రపరిచాడో ఒక్కసారి ఆలోచించాలి.

సెమినరీలో ఉన్న రోజుల్లో ఆ పోయిన గ్రంథం మాకు పరీక్షలో రెండు మార్కుల ప్రశ్న. 2025 మే నెలలో అది వేరే విధంగా గుర్తుకొచ్చింది.

ఆ ఏడాది ఏప్రిల్ 22న పహల్గాంలో ఉగ్రవాదులు 26 మందిని కాల్చి చంపారు. మే 7న మన సైన్యం ఆపరేషన్ సిందూర్ మొదలుపెట్టింది. 10వ తేదీ సాయంత్రం కాల్పుల విరమణ కుదిరింది. ఆ నాలుగు రోజులూ మన ఇళ్ళలో టీవీలు ఆగలేదు. ఫలానా రేవు తగలబడింది, ఫలానా పట్టణం మన చేతికి వచ్చింది అని కొన్ని ఛానళ్ళు అరిచి చెప్పినవాటిలో అసలు జరగనివి కూడా ఉన్నాయని తర్వాత తేలింది. యవనస్థుల కూడికకు వచ్చిన పిల్లలు ఫోన్లలో క్షిపణుల వీడియోలు ఒకరికొకరు చూపించుకున్నారు. అలా తిరిగిన వీడియోల్లో కొన్ని కంప్యూటర్ ఆటల్లోంచి తీసినవి. సంఘ పెద్ద ఒకాయన మా దగ్గరికి వచ్చి, "అయ్యగారూ, ఇది గోగు మాగోగు యుద్ధమేనంట కదా?" అని అడిగారు. ఆయన గొంతులో భయం కంటే ఆత్రం ఎక్కువగా వినిపించింది.

ఆ వారంలోనే మన శ్రీ సత్యసాయి జిల్లా గోరంట్ల మండలంలోని ఒక తండా నుంచి అగ్నివీరుడిగా వెళ్ళిన యువకుడు జమ్మూ కశ్మీరు సరిహద్దులో ప్రాణాలర్పించాడు. మరుసటి ఆదివారం మే 11. సంఘాల్లో తల్లుల దినం. బల్ల మీద పూలు, పిల్లల పాటలు, అన్నీ సిద్ధంగా ఉన్నాయి. ఆ రోజు ప్రసంగం చేయడం మాకు కష్టమైంది. పదిహేడో తేదీకల్లా ఆగిన ఐపీఎల్ పోటీలు మళ్ళీ మొదలయ్యాయి. పెద్దాయన గోగు సంగతి మళ్ళీ అడగలేదు.

దేశం కోసం, జవాన్ల కోసం ప్రార్థన చేయడం తప్పు కాదు, చేయాలి కూడా. మా బాధ వేరు. యుద్ధాన్ని మనం వార్తగా వింటాం. లేదంటే ప్రవచనంగా వింటాం. చరిత్రగా చదవం. 1991లో గల్ఫ్ యుద్ధం వచ్చినప్పుడు సద్దాం హుస్సేన్ బబులోనును తిరిగి కట్టిస్తున్నాడు కాబట్టి ప్రకటన గ్రంథం నెరవేరిపోతోందని మన కూడికల్లో చెప్పినవాళ్ళున్నారు, చప్పట్లు కొట్టినవాళ్ళున్నారు. అమెరికాలో జాన్ వాల్వూర్డ్ అనే వేదాంత పండితుడు 1974లో రాసిన హార్మెగిద్దోను పుస్తకాన్ని సరిగ్గా ఆ యుద్ధ సమయంలో సవరించి మళ్ళీ అచ్చువేస్తే లక్షల ప్రతులు అమ్ముడుపోయాయి. యుద్ధం ముగిసింది. అంతం రాలేదు. యుద్ధ సమాచారాలు విన్నప్పుడు కలవరపడవద్దు, అంతం అప్పుడే రాదు అని ప్రభువు చెప్పిన మాటనే (మత్తయి 24:6) మనం అంతం వచ్చేసిందనడానికి ఆధారంగా చూపిస్తున్నాం. ఇది వాక్యాన్ని తలకిందులు చేయడమే.

యుద్ధం ముగిసిన తర్వాత ఏం మిగులుతుందో చెప్పే అధ్యాయం ఒకటి బైబిల్లో ఉంది. మన కరువు సీమలో దాని మీద ఎక్కువ ప్రసంగాలు రావాలి. ఎందుకో రావు. 2 సమూయేలు 21వ అధ్యాయం. దావీదు కాలంలో వరుసగా మూడేళ్ళు కరువు వచ్చింది. ఎందుకని దావీదు ప్రభువును అడిగాడు. సౌలు గిబియోనీయులను చంపించాడు, ఆ రక్తం ఈ దేశం మీద ఉంది అని జవాబు వచ్చింది. సౌలు చనిపోయాడు. ఆ హత్యలు ఎప్పటివో. జనం మరిచిపోయారు. నేల మరిచిపోలేదు.

ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే పడే అనంతపురం సీమలో, వేరుశనగ ఎండిపోయిన రైతు ముందు నిలబడి, నీ కరువుకు నీ పాపమే కారణం అని ఈ అధ్యాయాన్ని చదివే బోధకులున్నారు. అది అన్యాయం. ఈ కథలో కరువుకు కారణం రైతు కాదు. చేసిన ప్రమాణాన్ని తప్పి జనాన్ని చంపించిన రాజు. శిక్ష అనుభవించింది మాత్రం పొలం ఉన్నవాళ్ళు, లేనివాళ్ళు కూడా.

గిబియోనీయులు నష్టపరిహారంగా డబ్బు అడగలేదు. సౌలు సంతతిలో ఏడుగురిని అడిగారు. దావీదు ఇచ్చాడు. యవల కోత మొదలైన రోజుల్లో ఆ ఏడుగురినీ కొండ మీద ఉరితీశారు. వారిలో ఇద్దరు రిస్పా కొడుకులు. ఆమె సౌలు ఉపపత్ని. రాజ్యంలో ఆమెకు ఇక ఏ హోదా లేదు. ఆమె ఒక గోనెపట్ట తెచ్చి బండ మీద పరుచుకుని కూర్చుంది. పగలు పక్షులను తోలింది, రాత్రి అడవి మృగాలను తోలింది. వాన పడేదాకా. ఆ దేశంలో యవల కోత ఏప్రిల్ ప్రాంతం, తొలకరి అక్టోబరు ప్రాంతం. ఆ ఏడు ముందుగా అకాల వర్షం పడిందనుకున్నా, ఎన్ని రాత్రులు మేలుకుందో లెక్క వేసుకోవచ్చు. ఆమె ఒక్క మాట మాట్లాడినట్టు గ్రంథంలో లేదు. ఆ సంగతి దావీదుకు తెలిసింది. తెలిశాకే ఆయన సౌలు, యోనాతానుల ఎముకలను యాబేష్గిలాదు నుంచి తెప్పించాడు. ఆ ఏడుగురి ఎముకలను కూడా ఏరించాడు. సౌలు, యోనాతానులను వారి పితరుడైన కీషు సమాధిలో పెట్టించాడు.

పద్నాలుగో వచనాన్ని నిదానంగా చదవండి. దేశం కోసం చేసిన విన్నపాన్ని దేవుడు అంగీకరించాడని ఎప్పుడు రాశారు? ఏడుగురిని ఉరితీసినప్పుడు కాదు. చనిపోయినవాళ్ళను మర్యాదగా పాతిపెట్టిన తర్వాత. మన వ్యాఖ్యానాల్లో చాలావరకు ఈ తేడాను పట్టించుకోలేదని మా అభిప్రాయం.

ఇప్పుడు మన బత్తలపల్లెకు వద్దాం. అనంతపురం నుంచి కదిరి దారిలో ఉన్న ఈ ఊళ్ళో పెద్ద ఆసుపత్రి ఉంది. ఎక్కడెక్కడి పల్లెల నుంచో రోగులు వస్తారు. వారికి తోడొచ్చినవాళ్ళు చెట్ల కింద సద్దిమూటలు విప్పుకుంటారు. ఈ ఊళ్ళోనే విన్సెంట్ ఫెర్రర్ సమాధి ఉంది. 2009 జూన్ 19న ఆయన కన్నుమూశారు. 1969లో అనంతపురం వచ్చి, బావులు, ఇళ్ళు, బడులు కట్టించిన మనిషిగా ఆయన్ను అందరూ ఎరుగుదురు. ఆయన మన ప్రొటెస్టంటు శాఖవారు కారు. జెస్యూట్ సభలో ఉండి, 1970లో బయటికి వచ్చి, ఆన్ పెర్రీ అనే ఇంగ్లీషు పాత్రికేయురాలిని పెళ్ళాడారు. ఇదంతా ఊరివాళ్ళకు తెలిసిందే. ఆయన ఒకప్పుడు సైనికుడన్న సంగతి మాత్రం తక్కువమందికి తెలుసు.

1920లో బార్సిలోనాలో పుట్టిన ఫెర్రర్ స్పెయిన్ అంతర్యుద్ధంలో రిపబ్లికన్ సైన్యంలోకి తీసుకోబడ్డారు. 1938 జూలై నుంచి నవంబరు దాకా ఎబ్రో నది ఒడ్డున జరిగిన పోరులో ఉన్నారు. అప్పటికి ఆయన వయసు పద్దెనిమిదేళ్ళు. ఆ పక్షం ఓడింది. 1939లో సరిహద్దు దాటి ఫ్రాన్సుకు పారిపోయిన లక్షల మందిలో ఆయనా ఒకరు. సముద్రతీరంలో ఇసుక మీద ముళ్ళకంచె వేసి నిలిపిన ఆర్జెలెస్ శిబిరంలో బందీగా ఉన్నారు. తర్వాత స్పెయిన్‌కు అప్పగిస్తే, తమను ఓడించిన సైన్యంలోనే మళ్ళీ చాకిరీ చేయాల్సి వచ్చింది. 1944లో సన్యాస జీవితంలో చేరారు. 1952లో మన దేశానికి వచ్చారు. బత్తలపల్లెలో ఆయన సమాధి ముందు నిలబడినవాడికి ఎబ్రో నది కనబడదు. అందుకే పుస్తకాలు కావాలి.

ఆ యుద్ధం గురించి చదవదగ్గ పుస్తకం మన బీహారులోని మోతీహారిలో పుట్టిన ఆంగ్ల రచయిత జార్జ్ ఆర్వెల్ రాశాడు. 'హోమేజ్ టు కాటలోనియా' అని పేరు. ఆయన అదే రిపబ్లికన్ పక్షాన తుపాకి పట్టి, 1937 మే నెలలో గొంతులోంచి తూటా దూసుకుపోయినా బతికి, మరుసటి ఏడు ఆ పుస్తకం తెచ్చాడు. తన పక్షం వాళ్ళు తమలో తాము ఎలా చంపుకున్నారో, తన పక్షపు పత్రికలు ఎలా అబద్ధాలు రాశాయో కూడా రాశాడు. అచ్చయిన 1500 ప్రతులు ఆయన బతికుండగా అమ్ముడు కాలేదు. సొంత పక్షం గురించి నిజం చెబితే ఎవరు కొంటారు? యిర్మీయా చుట్టను రాజు చలి కాచుకునే కుంపట్లో వేశాడు గదా.

ఆంటొనీ బీవర్ రాసిన స్పెయిన్ యుద్ధ చరిత్ర ఇంకా పెద్దది. అందులో క్రైస్తవులు తలదించుకోవలసినవి రెండు వైపులా ఉన్నాయి. రిపబ్లికన్ ప్రాంతంలో దాదాపు ఏడు వేలమంది గురువులు, సన్యాసులు, సన్యాసినులు హతమయ్యారు. 1937 జూలైలో స్పెయిన్ బిషప్పులు ఉమ్మడి లేఖ రాసి ఫ్రాంకో పక్షాన్ని సమర్థించారు. ఆ ఏప్రిల్‌లోనే ఆ పక్షం కోసం వచ్చిన జర్మన్ విమానాలు గెర్నికా పట్టణాన్ని సంత రోజున బూడిద చేశాయి. ఫ్రాంకో గెలిచాక ప్రొటెస్టంటు సంఘాలు 1967లో మతస్వేచ్ఛ చట్టం వచ్చేదాకా ప్రార్థన మందిరం బయట బోర్డు పెట్టుకునే వీలు కూడా లేక బతికాయి. యుద్ధం 1939లో ముగిసిందని బడి పుస్తకం చెబుతుంది. ఆనవాలు లేని గోతుల్లో లక్ష మందికి పైగా ఉన్నారని అంచనా. 2000 సంవత్సరం నుంచి మనవలు ఆ గోతులు తవ్వించి, డీఎన్ఏ పరీక్షలతో తమవాళ్ళ ఎముకలు గుర్తించి పాతిపెట్టుకుంటున్నారు. ఫ్రాంకో శవపేటికను 2019 అక్టోబరులో స్మారక మందిరంలోంచి తీసి వేరేచోట పెట్టారు. ఎనభై ఏళ్ళు గడిచినా రిస్పా ఆ బండ మీది నుంచి లేవలేదు.

అది రోమన్ కతోలికుల సంగతి అని మన సంఘాల్లో కొందరు తేలిగ్గా అనవచ్చు. మన ఇంటి లెక్క కూడా చూసుకోవాలి. 1914 అక్టోబరులో 93 మంది జర్మన్ మేధావులు తమ దేశపు యుద్ధాన్ని సమర్థిస్తూ ఒక ప్రకటన మీద సంతకాలు చేశారు. అందులో ప్రొటెస్టంటు వేదాంతులున్నారు, హార్నాక్ ఉన్నాడు, హెర్మన్ ఉన్నాడు. స్విట్జర్లాండులో సాఫెన్‌విల్ అనే చిన్న ఊరి సంఘ కాపరిగా ఉన్న కార్ల్ బార్ట్ తన గురువుల పేర్లు ఆ జాబితాలో చూసి నిలువునా కుంగిపోయాడు. వాళ్ళు నేర్పిన వేదాంతం ఎక్కడో పునాదిలోనే తప్పయి ఉండాలని పౌలు రోమా పత్రికను మళ్ళీ మొదటి నుంచి చదివాడు. 1919లో వచ్చిన ఆయన వ్యాఖ్యానం అలా పుట్టింది. సెమినరీలో మేము హార్నాక్‌ను చదివాం, బార్ట్‌నూ చదివాం. ఇద్దరి మధ్య ఒక యుద్ధం ఉందని పట్టించుకోవడానికి మాకు చాలా ఏళ్ళు పట్టింది.

ఆ యుద్ధం మన తెలుగు సంఘాల్లోకీ వచ్చింది. జర్మనీలోని బ్రెక్లుం నుంచి వచ్చి జైపూరు, సాలూరు, పార్వతీపురం ప్రాంతాల్లో సేవ చేస్తున్న లూథరన్ మిషనరీలను ఆంగ్ల ప్రభుత్వం శత్రుదేశస్థులని నిర్బంధించి ఓడ ఎక్కించింది. నిన్నటిదాకా బాప్తిస్మమిచ్చిన చేయి రాత్రికి రాత్రి శత్రువు చేయి అయింది. అదే యుద్ధంలో మన దేశం నుంచి 13 లక్షల మందికి పైగా వెళ్ళారు, 74 వేల మందికి పైగా చనిపోయారు. వారు రాసిన ఉత్తరాలను డేవిడ్ ఒమిస్సి 1999లో పుస్తకంగా తెచ్చాడు. ఆ ఉత్తరాలు మనకు దక్కింది కూడా సెన్సారు అధికారులు వాటిని తెరిచి, అనువదించి, ఫైళ్ళలో పెట్టుకోవడం వల్లే. ఇక రెండవ ప్రపంచ యుద్ధంలో జపాను విమానాలు విశాఖపట్నం, కాకినాడల మీద బాంబులు వేసిన తేదీ 1942 ఏప్రిల్ 6. అంతకుముందు రోజు ఈస్టరు. పునరుత్థాన ఆరాధన ముగించుకుని పడుకున్న సంఘాలు తెల్లారేసరికి మూటలు కట్టుకునే స్థితికి వచ్చాయి.

పుస్తకం రాస్తే యుద్ధం ఆగుతుందా అని ఎవరైనా అడిగితే, ఆగదు అనే చెప్పాలి. అయితే ఒక పుస్తకం చేసిన పని చెప్పుకోవాలి. 1859 జూన్ 24న ఇటలీలోని సోల్ఫెరినో దగ్గర యుద్ధం జరిగింది. వ్యాపార పని మీద అటు వెళ్ళిన హెన్రీ డ్యూనాంట్ అనే జెనీవా యువకుడు, పక్కనున్న కాస్టిగ్లియోనె ఊరి చర్చిలో గడ్డి మీద పడేసిన క్షతగాత్రులను చూశాడు. ఆయన మన సంస్కరణ సంఘంలో పెరిగినవాడు, వైఎంసిఏ ఉద్యమాన్ని మొదలుపెట్టినవాళ్ళలో ఒకడు. సైనికుడు కాడు, వైద్యుడు కాడు. ఊరి ఆడవాళ్ళను కూడగట్టి, ఏ దేశపు సైనికుడని అడగకుండా నీళ్ళు పోయించాడు, కట్లు కట్టించాడు. 1862లో ఆ అనుభవాన్ని సొంత ఖర్చుతో అచ్చువేసి యూరప్ పెద్దలకు పంచిపెట్టాడు. మరుసటి ఏడు రెడ్ క్రాస్ పుట్టింది. 1864లో జెనీవా ఒప్పందం వచ్చింది. ఈ రోజు యుద్ధంలో ఆసుపత్రి మీద బాంబు పడితే అది నేరం అనగలుగుతున్నామంటే ఆ చిన్న పుస్తకమే మొదలు. డ్యూనాంట్ మాత్రం దివాలా తీసి, స్నేహితులు మొహం చాటేస్తే, చాలా ఏళ్ళు దాదాపు అనామకుడిగా బతికాడు, 1901లో మొట్టమొదటి నోబెల్ శాంతి బహుమానం వచ్చింది.

ఇంకొక పుస్తకం జాన్ హెర్సీ రాసిన 'హిరోషిమా'. 1946 ఆగస్టు 31 నాటి న్యూయార్కర్ పత్రిక సంచికలో మిగతా వ్యాసాలన్నీ ఆపేసి అదొక్కటే వేశారు. అణుబాంబు పడిన రోజు ఆరుగురు మనుషులు ఏం చేశారన్నదే అందులో విషయం. ఆ ఆరుగురిలో ఒకరు మెథడిస్టు పాస్టరు కియోషి తనిమోతో. అమెరికాలోని ఎమొరీలో వేదాంతం చదివి వచ్చినవాడు. గాయపడినవాళ్ళను దొరికిన పడవలో ఎక్కించి నది దాటిస్తూనే ఉన్నాడు. ఆ బాంబు వేయడానికి బయలుదేరిన విమాన సిబ్బంది కోసం టినియన్ దీవిలో ప్రార్థన చేసినవాడూ ఒక లూథరన్ పాస్టరే. ఒకే వాక్యం చదివిన ఇద్దరు కాపరులు ఆ బాంబుకు చెరోవైపున ఉన్నారు. మన సంఘాల పుస్తకాల బల్ల మీద అంత్యకాల పటాలు ఎప్పుడూ ఉంటాయి. తనిమోతో కథ మాకు అక్కడ ఎన్నడూ కనబడలేదు.

ఇదంతా పాత చరిత్ర కాదు. 2022 సెప్టెంబరులో రష్యా ఆర్థడాక్సు పాట్రియార్కు కిరిల్, యుక్రెయిన్ యుద్ధంలో విధి నిర్వహణలో చనిపోయే సైనికుడి పాపాలు కడిగివేయబడతాయని ప్రసంగించారు. శిలువ రక్తం చేసే పనిని ఫిరంగికి అప్పగించడమే అది. రష్యా భయంతోనే 2025లో ఫిన్లాండు, ఎస్తోనియా, లాట్వియా, లిథువేనియా, పోలండు 1997 నాటి మందుపాతరల నిషేధ ఒప్పందం నుంచి తప్పుకుంటామని ప్రకటించాయి. వీటిలో మొదటి మూడూ లూథరన్ సంఘాలకు పేరుపడ్డ దేశాలు. వారి భయం నిజమైనదే, పొరుగువాడు ఏం చేశాడో వాళ్ళు కళ్ళారా చూశారు. మన దేశం ఆ ఒప్పందంలో ఎన్నడూ చేరనే లేదు కాబట్టి మనం వేలు చూపించడానికీ లేదు. కానీ మందుపాతరకు సంధి తెలియదు. లావోసులో 1964 నుంచి 1973 దాకా ఇరవై లక్షల టన్నుల పైగా బాంబులు పడ్డాయి. పేలకుండా నేలలో దిగిన చిన్న బాంబులు ఇప్పటికీ నాగలికి తగులుతున్నాయి, ఆడుకునే పిల్లల చేతికి దొరుకుతున్నాయి. గిబియోనీయులతో యెహోషువ చేసిన ప్రమాణాన్ని సౌలు కూడా దేశం మీది ఆసక్తితోనే తప్పాడని రెండో వచనం చెబుతోంది. అప్పుడు నేలలో పడినది తర్వాతి రాజు కాలంలో మొలిచింది.

మే నెల తర్వాత మా సంఘంలో విజ్ఞాపన ప్రార్థన క్రమాన్ని కొంచెం మార్చాం. జవాన్ల కోసం, నాయకుల కోసం చేసే ప్రార్థన అలాగే ఉంది. దాని కింద ఒక వాక్యం చేర్చాం: యుద్ధంలో బిడ్డలను పోగొట్టుకున్న తల్లులందరి కోసం, సరిహద్దుకు ఈవల, ఆవల. మొదటి ఆదివారమే గోగు సంగతి అడిగిన పెద్దాయన మా దగ్గరికి వచ్చారు. "ఈవల సరే అయ్యగారూ, ఆవల ఎందుకు?" అన్నారు. ఆయన అన్న కొడుకు సైన్యంలో ఉన్నాడు. ఆయన కోపం న్యాయమైనదే. బైబిలు తెరిచి రిస్పా భాగం చూపించాం. ఉరితీసినవాళ్ళు ఏడుగురు. ఆమె కొడుకులు ఇద్దరే. మిగతా అయిదుగురు సౌలు కూతురి బిడ్డలు, ఈమె కడుపున పుట్టినవారు కారు. పక్షులు వాలకుండా ఆమె ఏడుగురినీ కాచింది.

ఆయన ఆ వచనాన్ని రెండుసార్లు చదువుకున్నారు. ఒప్పుకోలేదు. ఆ వాక్యం వచ్చినప్పుడు ఆయన ఇప్పటికీ ఆమేన్ అనరు. కానీ లేచి బయటికి వెళ్ళడం లేదు, తల వంచుకుని కూర్చుంటున్నారు.